పాత తలుపు – కొత్త రంగు

1. పెచ్చులు లేచిన తలుపు

ఊరి మధ్యలో ఒక పెంకుటిల్లు ఉంది. ఆ ఇంటి వీధి తలుపు టేకు తలుపు. రెండు రెక్కల తలుపు. అత్తగారి మామగారు చేయించింది.

ఆ తలుపు పడమటి దిక్కున ఉంది. సాయంత్రం ఎండ అంతా దాని మీదే. వానాకాలం జల్లు కూడా దాని మీదే.

పండగ వచ్చినప్పుడల్లా దానికి రంగు వేశారు. పాత రంగు తియ్యలేదు. పాత దాని మీదే కొత్తది వేశారు. ఆకుపచ్చ మీద నీలం. నీలం మీద మళ్ళీ ఆకుపచ్చ. గడపకు మాత్రం ఎప్పుడూ పసుపు రంగే. వారం వారం పసుపు రాయలేక పసుపు పెయింటు పూశారు. దాని మీద ఎర్ర బొట్లు పెట్టారు.

ఈ ఏడు ఆ రంగు పెచ్చులు పెచ్చులుగా లేచింది. తలుపు కింది భాగంలో చెక్క నల్లబడింది.

కొడుకు అన్నాడు: "అమ్మా, ఈ తలుపు పని అయిపోయింది. ఇనప తలుపు పెట్టిద్దాం. దీన్ని చీల్చి నీళ్ళ పొయ్యిలో పెట్టుకోండి."

అత్తకు మనసొప్పలేదు.

"రంగు పోతే తలుపు పోయినట్టేనా? చీర మాసిపోతే ఉతుక్కుంటాం గానీ పారేస్తామా?" అంది.

కోడలు కూడా అత్త మాటే మాట్లాడింది. "వానలు పడే లోపు మనమే బాగు చేసుకుందాం అత్తయ్యా. ఇనప తలుపుకు అప్పు చెయ్యాలి. దీనికి అంత ఖర్చు కాదు" అంది.

2. బుజ్జిగాడి నోట్లో ఏముంది?

మరునాడు ఏ.ఎన్.ఎం. అక్క వచ్చింది. బుజ్జిగాడికి టీకా వెయ్యాలి. వాడికి ఏడాదిన్నర. వాడు గడప మీద కూర్చుని ఆడుకుంటున్నాడు. వేలితో పసుపు పెచ్చు ఊడదీశాడు. నోట్లో పెట్టుకున్నాడు.

ఏ.ఎన్.ఎం. అక్క గబుక్కున వాడి నోట్లోంచి పెచ్చు తీసింది.

"వీడు రోజూ ఇట్లాగే చేస్తాడా?" అని అడిగింది.

"రోజూ అంతే. ఎన్నిసార్లు తీసినా మళ్ళీ పెట్టుకుంటాడు" అంది కోడలు.

"ఈ రంగు ఎప్పుడు వేశారు?"

"ఎప్పటిదో! అడుగు పూత మా అత్తగారి రోజుల్లోది" అంది అత్త.

"పెద్దమ్మా, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. సీసం విషం" అంది ఏ.ఎన్.ఎం. అక్క.

అత్త నవ్వింది. "మేమంతా ఈ గడప మీదే పెరిగాం. మాకేమయింది?"

"ఏమీ కాలేదని ఎట్లా తెలుస్తుంది పెద్దమ్మా? పాము కరిస్తే గాటు కనపడుతుంది. సీసం గాటు పైకి కనపడదు. పిల్లవాడు బాగానే ఉన్నట్టు ఉంటాడు. కాని లోపల మెదడు ఎదుగుదల దెబ్బ తింటుంది. పెద్దయ్యాక చదువు సరిగా ఎక్కదు. 'మొద్దు వెధవ' అని మనమే తిడతాం. తప్పు వాడిది కాదు."

అత్త నవ్వు ఆగిపోయింది. మనవణ్ణి దగ్గరికి తీసుకుంది.

3. రంగులో సీసం ఎందుకు?

సీసం ఒక లోహం. ఇనుము, రాగి లాంటిదే. కాని మెత్తగా, బరువుగా ఉంటుంది.

రంగు బాగా మెరవాలని సీసం కలిపేవారు. త్వరగా ఆరాలని, ఎక్కువ కాలం నిలవాలని కూడా కలిపేవారు. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ లాంటి గట్టి రంగుల్లో ఇది ఎక్కువగా ఉండేది. అయితే రంగు చూసి సీసం ఉందో లేదో చెప్పలేం. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. అందుకని పాత రంగు ఏదైనా సరే, సీసం ఉందనుకునే జాగ్రత్త పడాలి.

సీసం ఒంట్లోకి ఎట్లా పోతుంది? రంగు పెచ్చులు తింటే పోతుంది. గీకినప్పుడు లేచిన దుమ్ము పీలిస్తే పోతుంది. దుమ్ము చేతులతో అన్నం తింటే పోతుంది. రంగు వేసిన చెక్కను పొయ్యిలో పెడితే ఆ పొగలో పోతుంది. ఆ బూడిదలో కూడా సీసం మిగులుతుంది. దాంతో అంట్లు తోమితే ఇంకా ముప్పు.

తిన్న సీసం పెద్దవాళ్ళ ఒంటికి కొంతే పడుతుంది. చిన్నపిల్లల ఒంటికి దానికి నాలుగైదు రెట్లు పడుతుంది. గర్భిణీ ఒంట్లో చేరితే కడుపులో బిడ్డకూ చేరుతుంది. రక్తం తగ్గుతుంది. కడుపు నొప్పి, మలబద్ధకం రావచ్చు. "ఇంత వరకు ఫరవాలేదు" అని చెప్పగల కొలత ఏదీ లేదు. ఎంత తక్కువైతే అంత మేలు.

ఏ.ఎన్.ఎం. అక్క చెప్పినట్టు కోడలు బుజ్జిగాణ్ణి పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరు రక్త పరీక్ష చేయించారు. రక్తంలో సీసం ఉందని తేలింది.

"భయపడొద్దు. ఇక మీదట సీసం లోపలికి పోకుండా చూడండి. అదే మొదటి వైద్యం. ఆకుకూరలు, రాగులు, పాలు పెట్టండి. ఖాళీ కడుపుతో ఉంచొద్దు. 3 నెలలకు మళ్ళీ తీసుకు రండి" అన్నారు డాక్టరు.

ఇప్పుడు తలుపు పని అందం కోసం కాదు. బిడ్డ కోసం.

4. వడ్రంగి తాత వచ్చాడు

అత్త వడ్రంగి తాతను పిలిపించింది. తాత తలుపును వేలితో కొట్టి చూశాడు. చెద మట్టి గీతలు ఉన్నాయేమో వెతికాడు. లేవు. కింది భాగంలో నల్లబడిన చోట స్క్రూడ్రైవరు మొన గుచ్చాడు. మొన కొంచెమే దిగింది.

"మెత్తగా దిగిపోతే చెక్క కుళ్ళినట్టు. అప్పుడు ముక్క మార్చాలి. ఇది గట్టిగానే ఉంది తల్లీ. ఇంకో తరం నిలుస్తుంది" అన్నాడు తాత.

"మరి కింది భాగమే ఎందుకు నల్లబడింది తాతా?" అని అడిగింది కోడలు.

"చెట్టు బతికి ఉన్నప్పుడు వేరు నుండి కొమ్మకు నీళ్ళు తాగుతుంది. ఆ నీళ్ళ దారులు చెక్కలో ఇంకా ఉన్నాయి. చెక్క కొసలో వాటి నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. మనం తలుపు ముందు వైపు రంగు వేస్తాం. అడుగు అంచుకు ఎవరూ వెయ్యరు. మీరు శుక్రవారం శుక్రవారం గడప కడుగుతారు. ఆ నీళ్ళు అడుగు అంచు తాగుతుంది. లోపలికి చేరిన నీరు బయటికి రావాలి కదా! అది పై రంగును నెట్టుకొస్తుంది. అందుకే పెచ్చులు."

కోడలికి సంగతి అర్థమయింది. రంగు చెక్కకు చొక్కా లాంటిది. చొక్కాకు కింద చిరుగు ఉంటే పైన ఎన్ని చొక్కాలు తొడిగినా లాభం లేదు.

"సరే, రేపు మంట పెట్టి రంగు కాల్చేస్తాను. తర్వాత గీకితే ఒక్క పూటలో అయిపోతుంది" అన్నాడు తాత.

"వద్దు తాతా!" అంది కోడలు. "రంగు కాలిస్తే సీసం ఆవిరై గాలిలో కలుస్తుందట. ముందు నువ్వే పీలుస్తావు. ఏ.ఎన్.ఎం. అక్క చెప్పింది."

తాత కాసేపు మాట్లాడలేదు. "యాభై ఏళ్ళుగా కాలుస్తున్నాను తల్లీ. నాకెవరూ చెప్పలేదు" అన్నాడు.

"పోనీ, కాస్టిక్ సోడా పూస్తే?" అంది అత్త.

"అది చేతులు కాలుస్తుంది అమ్మాయ్. కళ్ళలో పడితే చూపే పోతుంది. టేకును నల్లగా చేస్తుంది. వద్దు. తడిపి గీకుదాం. ఆలస్యమైతే కానీ" అన్నాడు తాత.

5. తడిపి గీకడం

గీకే పనికి పక్కింటి వదిన సాయం వస్తానంది. ఆమెకు నాలుగో నెల. అత్త ఒప్పుకోలేదు. "నువ్వు బుజ్జిగాణ్ణి మీ ఇంట్లో ఆడించు. అదే మాకు పెద్ద సాయం" అంది.

తాత ఒక రెక్క బందులు విప్పి కిందికి దించాడు. ఆ జాగాలో తడిక కట్టారు. ఒక రెక్క పని అయ్యాక రెండో రెక్క దించాలి.

పని ఇట్లా చేశారు.

ఒకటి. బావికి, కూరపాదులకు దూరంగా చోటు చూశారు. పెద్ద ప్లాస్టిక్ పట్టా పరిచారు. గాలి లేని పొద్దున పూట మొదలుపెట్టారు. కోళ్ళను కమ్మేశారు. కోళ్ళు పెచ్చులు పొడుచుకు తింటే గుడ్డులోకి కూడా సీసం వస్తుంది.

రెండు. రంగు మీద నీళ్ళు చల్లారు. పొడి గుడ్డలు కాదు, తడి గుడ్డలు కప్పారు. రంగు తడిగా ఉంటే దుమ్ము లేవదు. ముక్కుకు పైట చుట్టుకుంటే సన్నని దుమ్ము ఆగదు. అందుకని మందుల షాపులో ఎన్-95 మాస్కులు కొని పెట్టుకున్నారు.

మూడు. రేకుతో గీకారు. చెక్క గీతల వెంట గీకారు. అడ్డంగా గీకితే చెక్క చీరుకుపోతుంది. ఆరినప్పుడల్లా మళ్ళీ నీళ్ళు చల్లారు.

నాలుగు. మిగిలిన రంగును గరుకు కాగితంతో రుద్దారు. నీళ్ళలో తడిపినా చిరగని కాగితం ఉంటుంది. షాపులో 'వాటర్ పేపర్' అని అడగాలి. దాని వెనక అంకె ఉంటుంది. అంకె చిన్నదైతే ఎక్కువ గరుకు. ముందు 80, తర్వాత 120, చివరికి 180 వాడారు. కోడలు అంకె చదివి తాతకు అందించింది.

అయిదు. సబ్బు నీళ్ళతో కడిగారు. తర్వాత మంచినీళ్ళతో కడిగారు. ఆ మురికి నీళ్ళు పాదుల్లో పొయ్యలేదు. మరుగుదొడ్డిలో పోశారు.

ఆరు. పెచ్చులు, గుడ్డలు, కాగితాలు పట్టాలో చుట్టి సంచిలో వేసి గట్టిగా కట్టారు. పెంటకుప్పలో వెయ్యలేదు. కాల్చలేదు. చెత్త బండి వచ్చినప్పుడు ఇచ్చారు.

ఏడు. చేతులు, ముఖం సబ్బుతో కడుక్కున్నారు. తల స్నానం చేశారు. పని బట్టలు విడిగా ఉతికారు. ఆ తర్వాతే అత్త మనవణ్ణి ఎత్తుకుంది.

గడపను కదిలించలేదు. దాన్ని కూడా ఇట్లాగే తడిపి గీకారు. పసుపు రంగు కింద ఎరుపు, ఎరుపు కింద మళ్ళీ పసుపు వచ్చింది. అన్నిటి కింద చల్లని టేకు చెక్క వచ్చింది.

6. డబ్బా మీద ఏం రాసుంది?

చెక్కను 3 రోజులు నీడలో, గాలికి ఆరబెట్టారు. తడి చెక్కకు రంగు వేస్తే మళ్ళీ పెచ్చులే.

తాత ఒక చుక్క నీరు చెక్క మీద వేశాడు. చెక్క ఆ చుక్కను పీల్చుకుంది. "పాత రంగు, పాత నూనె పోయాయి. ఇప్పుడు కొత్త రంగు పట్టుకుంటుంది" అన్నాడు. చుక్క ముత్యంలా నిలబడితే ఇంకా రుద్దాలని అర్థం.

అటక మీద పాత రంగు డబ్బా ఒకటి ఉంది. "ఇది వాడేద్దాం. డబ్బులు మిగులుతాయి" అంది అత్త.

కోడలు డబ్బా తిప్పి చూసింది. తయారైన ఏడు 2011 అని ఉంది.

"వద్దు అత్తయ్యా" అంది.

ఎందుకు వద్దంది? రంగుల్లో సీసం గురించి కేంద్ర ప్రభుత్వం 2016లో నియమాలు చేసింది. అవి 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చాయి. ఇళ్ళకు వేసే రంగుల్లో 10 లక్షల పాళ్ళకు 90 పాళ్ళకు మించి సీసం ఉండకూడదు. ఆ సంగతి డబ్బా మీద రాయాలి. అంతకు ముందు తయారైన డబ్బాలో ఎంత సీసం ఉందో మనకు తెలియదు.

కోడలు రంగుల షాపుకు పోయింది. డబ్బా మీద రాత ఇంగ్లీషులో ఉంది. అయితేనేం? అంకెలు వచ్చు కదా! తయారైన తేదీ చూసింది. 90 అనే అంకె వెతికింది. దొరికింది. "ఇక్కడ ఏం రాశారో చదివి చెప్పండి" అని షాపతన్ని అడిగింది. సీసం 90 పాళ్ళకు మించదని ఉందని అతను చదివి చెప్పాడు. ఆమె బిల్లు కూడా అడిగి తీసుకుంది.

7. రంగు వెయ్యడం

"ఇంత మంచి టేకు గీతలు! రంగు కింద దాచెయ్యాలా? వార్నిష్ వేద్దాం" అంది అత్త.

తాత ఆలోచించాడు. "వార్నిష్ అద్దం లాంటిది అమ్మాయ్. ఎండ దానిలోంచి దూరి చెక్కను తాకుతుంది. పడమటి ఎండకు త్వరగా లేచిపోతుంది. మాటిమాటికీ వెయ్యాలి. రంగు గొడుగు లాంటిది. ఎండను ఆపుతుంది."

చివరికి ఇద్దరి మాటా నెగ్గింది. వీధి వైపు రంగు. ఇంటి లోపలి వైపు వార్నిష్.

వీధి వైపు ముందు వుడ్ ప్రైమర్ ఒక పూత వేశారు. అడుగు అంచుకు, పై అంచుకు రెండు పూతలు వేశారు. ఒక రోజు ఆరనిచ్చారు.

తర్వాత బెజ్జాల్లో, పగుళ్ళలో లప్పం పెట్టారు. ప్రైమర్ వెయ్యకుండా లప్పం పెడితే చెక్క దానిలోని నూనె పీల్చేస్తుంది. లప్పం రాలిపోతుంది. లప్పం ఆరాక 180 కాగితంతో తేలిగ్గా రుద్ది తుడిచారు.

ఆ పైన ఆకుపచ్చ రంగు పల్చగా ఒక పూత వేశారు. ఒక రోజు ఆగి ఇంకో పూత వేశారు. మందంగా ఒక్క పూత వేస్తే పైన ఆరుతుంది, లోపల ఆరదు. ముడతలు పడుతుంది. మిట్ట మధ్యాహ్నం ఎండలో వెయ్యలేదు. నీడలో పెట్టి వేశారు. ఎండలో వేస్తే బొబ్బలు వస్తాయి.

గడపకు మాత్రం పెయింటు వద్దనుకున్నారు. అందరూ తొక్కే చోట పెయింటు మళ్ళీ పెచ్చులు లేస్తుంది. దానికి గానుగలో ఆడించిన అవిసె నూనె రాశారు. పల్చగా రాసి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేశారు. ఆరడానికి వారం పైనే పట్టింది. ఏడాదికోసారి మళ్ళీ రాస్తే చాలు. పండగకు దాని మీద అసలు పసుపే రాసుకోవచ్చు.

8. రెండు ప్రమాదాలు

అవిసె నూనె తుడిచిన గుడ్డను కోడలు ఉండ చుట్టి మూల పడెయ్యబోయింది. తాత ఆపాడు.

"అట్లా చెయ్యకు తల్లీ. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ ఉండగా ఉంటే ఆ వేడి బయటికి పోదు. అగ్గిపుల్ల గీయకుండానే అంటుకుంటుంది."

ఆ గుడ్డను నీళ్ళలో ముంచి, ఆరుబయట విప్పి పరిచారు. బాగా ఆరి గట్టిపడ్డాక పారేశారు.

రెండో ప్రమాదం టర్పెంటైన్. కుంచెలు కడగడానికి తాత కొంచెం తెప్పించాడు. షాపతను దాన్ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇచ్చాడు. పిల్లలు నీళ్ళనుకుని తాగేస్తారు. కోడలు దాన్ని వేరే డబ్బాలోకి మార్చింది. డబ్బా మీద 'విషం – తాగరాదు' అని కాగితం అంటించింది. తన చేత్తో రాసిన కాగితం. పొయ్యికి దూరంగా, పిల్లలకు అందని ఎత్తులో పెట్టింది.

ఒకవేళ పిల్లలు తాగితే? వాంతి చేయించకూడదు. వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. డబ్బా కూడా వెంట తీసుకుపోవాలి.

తొలకరి లోపు రెండో రెక్క కూడా బిగించారు. వాన వచ్చింది. తలుపు మీద నీళ్ళు నిలవకుండా జారిపోయాయి. బుజ్జిగాడు మళ్ళీ గడప మీద కూర్చున్నాడు. ఈసారి ఊడదీయడానికి పెచ్చు లేదు.

డాక్టరు చెప్పిన 3 నెలలు ఇంకా కాలేదు. కోడలు గోడ మీది క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టింది. పక్కన 'బుజ్జిగాడి రక్త పరీక్ష' అని రాసింది.

గుర్తు పెట్టుకోండి

• పాత రంగు గట్టిగా అంటుకుని ఉంటే గీకవద్దు. తుడిచి, దాని మీదే కొత్త రంగు వేసుకోవచ్చు.
• పెచ్చులు లేస్తే తడిపి గీకాలి. పొడిగా గీకరాదు. కాల్చరాదు. మిషనుతో రుద్దరాదు.
• గర్భిణీలు, పిల్లలు ఆ పని జరిగే చోట ఉండకూడదు.
• రంగు వేసిన పాత చెక్కను పొయ్యిలో పెట్టకూడదు.
• చెక్క పూర్తిగా ఆరాకే రంగు వెయ్యాలి. అడుగు అంచు మరవకూడదు.
• డబ్బా మీద తేదీ, 90 అంకె చూసి కొనాలి.

కలిసి మాట్లాడుకోండి

1. "మాకేమయింది?" అని అత్త అడిగింది. మీరైతే ఆమెకు ఏం చెబుతారు?
2. తాత యాభై ఏళ్ళు రంగు కాల్చాడు. మీ ఊళ్ళో రంగులు వేసేవాళ్ళకు ఈ సంగతి తెలుసా? ఎవరు చెప్పాలి?
3. మీ ఇంట్లో, అంగన్‌వాడీలో, బడిలో పెచ్చులు లేచిన తలుపులు, కిటికీలు ఉన్నాయా?

లెక్క చెయ్యండి

గీకడానికి 2 రోజులు. ఆరడానికి 3 రోజులు. ప్రైమర్‌కు 1 రోజు. లప్పానికి 1 రోజు. రంగు రెండు పూతలకు 2 రోజులు. ఒక రెక్కకు మొత్తం ఎన్ని రోజులు? రెండు రెక్కలకు ఎన్ని రోజులు? వానలు జూన్ 10న వస్తాయనుకుంటే పని ఏ తేదీ లోపు మొదలుపెట్టాలి?

చదివి రాయండి

గడప – పెచ్చు – సీసం – లప్పం – కుంచె – పూత – టర్పెంటైన్

మీ ఇంట్లో ఉన్న ఏదైనా ఒక డబ్బా తీసుకోండి. అది తయారైన నెల, సంవత్సరం చూసి ఇక్కడ రాయండి:

నెల ............ సంవత్సరం ............